గింజ దాచిన ఇల్లు: మన్యంలో తిండి నిల్వల చరిత్ర

ఆదివాసి గురించి బయటివాళ్లు చెప్పే మాటల్లో ఒకటి చాలా పాతది. "వీళ్లకు రేపటి ఆలోచన లేదు. ఉన్ననాడు తింటారు, లేనినాడు పస్తుంటారు." ఆంగ్లేయుల కాలంలో కొండ ప్రాంతాల గురించి రాసినవాళ్లు ఈ మాటను పదే పదే రాశారు. సంతలో ఉప్పు అమ్మిన సావుకారు అదే అన్నాడు. తర్వాత వచ్చిన కొందరు ఉద్యోగులూ అదే అన్నారు. ఇప్పుడు మన పిల్లల్లో కొందరు కూడా, "మనవాళ్లకు దాచుకోవడం తెలియదు" అని ఒప్పేసుకుంటున్నారు.

ఈ మాట నిజం కాదు. దాచుకోవడం తెలియని జాతి నెలల తరబడి దారులు మూసుకుపోయే కొండల మీద వందల ఏళ్లు బతకలేదు. మన ఇళ్లలో అటకలు, గాదెలు, గుమ్ములు, సొరకాయ బుర్రలు ఊరికే లేవు. ఎండిన తిండిని ఏడాది పొడవునా కాపాడుకునే పద్ధతి మనకుండేది. అది ఎలా నడిచింది, ఎవరి వల్ల తెగింది, ఇప్పుడు దానిలో ఏది మిగిలింది అన్నదే ఈ వ్యాసం.

ఆకలి నెలల లెక్క

మన పంటల ఏడాదికి ఒక లోతైన గుంట ఉంది. కార్తీకం, మార్గశిరాల్లో కళ్లం నిండుతుంది. మాఘం, ఫాల్గుణం వరకు కందులు, చిక్కుళ్లు వస్తాయి. ఎండాకాలంలో అడవి తిండి పెడుతుంది. వాన పడ్డాక పని పెరుగుతుంది, తిండి తగ్గుతుంది. దున్నాలి, విత్తాలి, కలుపు తీయాలి. పాత గింజ అయిపోతూ ఉంటుంది, కొత్త గింజ ఇంకా చేలోనే ఉంటుంది. ఆషాఢం, శ్రావణం, భాద్రపదం ఇలాగే గడుస్తాయి. అదే సమయంలో గెడ్డలు, వాగులు పొంగి సంతకు దారి ఉండదు. జ్వరాలు కూడా అప్పుడే వస్తాయి.

అంటే మన పెద్దలకు కరువు అనేది పదేళ్లకోసారి వచ్చే విపత్తు మాత్రమే కాదు. ప్రతి ఏడాదీ తేదీ తెలిసి వచ్చే చిన్న కరువు ఒకటి ఉంది. తేదీ తెలిసిన ఆకలికి సిద్ధపడటం వాళ్లు నేర్చుకున్నారు. ఆ సిద్ధపాటే తేదీ తెలియని పెద్ద కరువు వచ్చినప్పుడు కూడా ఆదుకునేది.

సిద్ధపాటు విత్తడంతోనే మొదలయ్యేది. పోడులో ఒకే పంట వేసేవారు కాదు. సామ, కొర్ర, చోడి, జొన్న, కంది, చిక్కుడు, ఆముదం కలిపి చల్లేవారు. సామ, కొర్ర ముందుగా పండి ఆకలి నెలల చివర ఆదుకుంటాయి. చోడి, జొన్న తర్వాత వస్తాయి. కంది అన్నిటికన్నా ఆలస్యంగా కోతకొస్తుంది. ఒకటి ఎండినా, ఒకటి తడిసినా, ఇంకొకటి చేతికందేది. పంట ఒకేసారి రాకపోవడం కూడా ఒక రకం నిల్వే. ఇంటికి చేరాల్సిన తిండి చేలోనే వంతులవారీగా ఆగి ఉండేది.

ఇంట్లో ఏది ఎక్కడ ఉండేది

గింజకు శత్రువులు నాలుగు: తడి, పురుగు, ఎలుక, అప్పు. మొదటి మూడింటికీ మన ఇంటి నిర్మాణంలోనే సమాధానం ఉండేది.

వెదురు బద్దలతో గుండ్రంగా అల్లి, పేడా మట్టీ కలిపి లోపలా బయటా మెత్తితే గుమ్మి తయారయ్యేది. దాన్నే పెద్దదిగా కడితే గాదె, గరిసె అంటారు. నేల తడి తగలకుండా రాళ్ల మీదో దుంగల మీదో నిలబెట్టేవారు. మట్టి పూత గాలిలోని తేమను కొంత పీల్చుకుంటుంది, పురుగు దూరే సందులను మూసేస్తుంది. మూత పెట్టి దాని మీద కూడా మట్టి మెత్తితే లోపలి గింజకు గాలి ఆడదు. గాలి ఆడని చోట పురుగు పెరగదు. ఇప్పుడు గాలి చొరని సంచులు అని అమ్ముతున్నవి పనిచేసేదీ ఈ సూత్రంతోనే.

విత్తనాలకు వేరే చోటు ఉండేది. ఎండిన సొరకాయ బుర్రలో సామ, చోడి విత్తనం పోసి మూతి బిగించేవారు. కంది, చిక్కుడు గింజలకు పొయ్యి బూడిద కలిపేవారు. బూడిద గింజల మధ్య సందులను నింపుతుంది, పురుగు ఒంటిని ఆరబెట్టి చంపుతుంది. వేపాకు, వావిలాకు, కానుగాకు ఎండబెట్టి పొరలుగా వేసేవారు. మొక్కజొన్న కండెలను, జొన్న కంకులను పొయ్యి పైనున్న దూలాలకు కట్టేవారు. ఏడాది పొడవునా తగిలే పొగ వాటిని ఆరబెడుతూ, పురుగు దగ్గరకు రాకుండా చూసేది. మసి పట్టిన ఆ కంకులు పనికిరానివని కొత్తగా ఊరికొచ్చినవాళ్లు అనుకోవచ్చు. ఇంటివాళ్లకు మాత్రం అవి వచ్చే ఏటి పంట.

మరో ముఖ్యమైన సంగతి ఉంది. మన పెద్దలు బియ్యం దాచలేదు, పొట్టుతో ఉన్న గింజను దాచారు. సామ, కొర్ర, అరిక, వడ్లు పొట్టు తీయకుండా ఉంటే ఏళ్ల తరబడి నిలుస్తాయి. పొట్టే వాటి కవచం. కావలసినప్పుడు కావలసినంత దంచుకునేవారు. చోడి గింజకు అంత పొట్టు లేకపోయినా, అది చాలా చిన్నది, గట్టిది, పురుగు తొలవడం కష్టం. అందుకే చోళ్లను (తెలంగాణలో తైదలు అంటాం) కరువు గింజగా నమ్మారు. పాలిష్ పట్టిన బియ్యానికి ఆ కవచం లేదు. వానాకాలంలో కొద్ది నెలలకే ముక్క పురుగు పడుతుంది.

అడవి అనే రెండో గాదె

చేను ఇచ్చింది ఇంట్లో ఉండేది. రెండో గాదె అడవిలో ఉండేది. దానిలోంచి తెచ్చి ఎండబెట్టి దాచడం ఆడవాళ్ల విద్య.

ఇప్పపువ్వు మార్చి, ఏప్రిల్ నెలల్లో తెల్లవారక ముందే రాలుతుంది. పొద్దెక్కేలోపు ఏరి, ఊడ్చి అలికిన నేల మీద మూడు నాలుగు రోజులు ఎండబెడితే ఎండు ద్రాక్షలా ముడుచుకుంటుంది. దాన్ని ఆకు పరిచిన బుట్టల్లో, కుండల్లో దాచేవారు. వానాకాలంలో ఉడకబెట్టి తినేవారు, జొన్నపిండితో కలిపి వండేవారు. ఇప్పపువ్వు అంటే సారా అని మాత్రమే తెలిసినవాళ్లు మన ఇళ్లలో అది తిండి అని గమనించలేదు. ఈనాడు ఉట్నూరు ప్రాంతంలో గోండు మహిళలు ఇప్పపువ్వు లడ్డూలు చేసి అమ్ముతున్నారు. అందులో కొత్తది లడ్డూ రూపం. పువ్వును తిండిగా దాచడం ముత్తవ్వల నాటిది.

మామిడి టెంక రెండో ఉదాహరణ. పండు తిన్నాక టెంకను పారేయకుండా ఎండబెట్టి, పగలగొట్టి, లోపలి జీడిని మళ్లీ ఎండబెట్టేవారు. దాన్ని దంచి, బుట్టలో పెట్టి పారే నీటిలో ఉంచితే వగరు పోతుంది. తర్వాత ఆరబెట్టి పిండి చేసి అంబలి కాచేవారు. జీలుగు చెట్టు మానులోని మెత్తటి భాగాన్ని దంచి, నీటిలో కడిగి, అడుగున పేరుకున్న పిండిని ఎండబెట్టుకునేవారు. చేదు దుంపలను పలచగా కోసి గెడ్డ నీటిలో నానబెట్టి విషం పోగొట్టేవారు. చింతపండును గింజ తీసి ఉప్పు కలిపి ముద్దలు చేసేవారు. వెదురు కొమ్ములు, పుట్టగొడుగులు, చిన్న చేపలు, వేట మాంసం ఎండబెట్టుకునేవారు.

నల్లమల చెంచుల సంగతి కొంచెం వేరు. వాళ్ల ఇంట్లో పెద్ద గాదెలు కనిపించవు. దాన్ని చూసి, ఏ రోజుకారోజు బతికేవాళ్లు అని తేల్చేశారు. నిజానికి ఏ దుంప ఎక్కడ ఏ నెలలో తవ్వాలో, తవ్వినచోట మళ్లీ మొలవడానికి ఎంత వదలాలో తెలిసినవాళ్లకు భూమే గాదె. దుంప భూమిలో ఉన్నంతకాలం దాన్ని ఎవరూ ఎత్తుకుపోలేరు. ఆ గాదె ఎప్పటికీ ఉండాలంటే కావలసిందల్లా అడవిలోకి వెళ్లే హక్కు.

పండుగ పెట్టిన నియమం

దాచడం ఒక్క ఇంటి తెలివి మీదే ఆధారపడితే నిలవదు. ఊరంతా పాటించే నియమం కావాలి. మన పండుగల్లో ఆ నియమం ఉంది.

విశాఖ మన్యంలో కొర్ర కొత్త, సామ కొత్త, కంది కొత్త, మామిడి కొత్త అని కొత్తల పండుగలు చేస్తారు. పండుగ చేసి, కొత్త పంటను ముందు దేవతలకూ పెద్దలకూ పెట్టేదాకా ఇంట్లో ఎవరూ దాన్ని ముట్టరు. గోండులు కూడా కొత్త గింజను పూజ చేయకుండా తినరు. దీన్ని మూఢనమ్మకం అని తీసిపారేసేవాళ్లు ఒక ప్రశ్న వేసుకోవాలి. పచ్చికాయలప్పుడే మామిడిని దులిపేస్తే ఏమవుతుంది? టెంకలో జీడి ముదరదు, ఎండబెట్టడానికి ఏమీ మిగలదు. పాలకంకి మీదున్న సామను కోసేస్తే గాదెకు ఏం చేరుతుంది? ఆకలి ఎక్కువగా ఉన్న సమయంలోనే పంటను తొందరపడి కోసుకునే ప్రమాదం ఉంటుంది. ఆ తొందరను ఊరు మొత్తం కలిసి ఆపుకోవడమే కొత్తల పండుగ చేసిన పని.

విత్తనానికి ఇంకా గట్టి నియమం ఉంది. కోయల విత్తనాల పండుగలో గింజను పూజలో పెట్టి ఆ తర్వాతే చల్లుతారు. పూజలో పెట్టాల్సిన గింజను ఎంత ఆకలైనా వండుకోరు. తినే గింజ అయిపోతే అడవికి వెళ్లేవారు, చుట్టాల ఇంటికి వెళ్లేవారు, కానీ విత్తనపు బుర్ర మూత తీసేవారు కాదు. ఒక ఏడు తిండి పోతే ఒక ఏడే ఆకలి. విత్తనం పోతే ఎన్నేళ్ల ఆకలో చెప్పలేం.

గాదె తాళాలు ఎవరి చేతికి పోయాయి

మైదానాల్లో 19వ శతాబ్దం కరువుల శతాబ్దం. 1832–33లో నందన కరువు వచ్చింది. 1866లో ఒరిస్సా, గంజాం ప్రాంతాలను కరువు కాల్చేసింది. 1876–78లో ధాతు కరువు మద్రాసు రాజధానిని, హైదరాబాదు రాజ్యాన్ని కుదిపేసింది. ఆ కరువులో ధాన్యం రైళ్లలో తిరుగుతూనే ఉంది, కొనడానికి డబ్బులేని మనుషులు పట్టాల పక్కన చనిపోయారు. 1877లో కరువు పనుల్లో రోజంతా కష్టపడిన కూలీకి ఒక పౌను, అంటే సుమారు 450 గ్రాముల గింజకు సరిపోయే కూలి, దానితో పాటు కొద్దిపాటి డబ్బు చాలని ప్రభుత్వ ప్రతినిధి రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. అది ప్రాణం నిలపదని ఆనాటి వైద్యాధికారులే అభ్యంతరం చెప్పారు. ఈ కరువులు ఒక సంగతి తేల్చాయి. గింజ ఉండటం వేరు, గింజ మన చేతిలో ఉండటం వేరు.

సరిగ్గా ఈ కాలంలోనే కొండల మీద గింజ మన చేతిలోంచి జారడం మొదలైంది. అది మూడు దారుల్లో జరిగింది.

మొదటి దారి పన్ను. రంప ప్రాంతంలో కల్లు గీసుకోవడం మీద చిగురుపన్ను వేశారు. 1879 రంప పితూరీకి అది ఒక ప్రధాన కారణం. జీలుగు చెట్టు మనకు కల్లు ఇస్తుంది, కరువులో పిండి ఇస్తుంది. ఆ చెట్టు మీద సర్కారు చెయ్యి పడటం అంటే తిండి మీద పడటమే. బొంబాయి రాజధానిలో ఇంకా ముందుకు పోయారు. అక్కడి ఠాణే, కొలాబా జిల్లాల కోసం 1892లో ఇప్పపువ్వు మీద ప్రత్యేక చట్టమే తెచ్చి, పువ్వు ఏరుకోవడాన్నీ నిల్వ ఉంచుకోవడాన్నీ కట్టడి చేశారు. సారా ఆదాయం కాపాడుకోవడానికి ఆదివాసి ఇంట్లోని ఎండు తిండి నేరమైంది.

రెండో దారి అడవి చట్టం. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు వచ్చాయి, పోడు మీద ఆంక్షలు వచ్చాయి. అల్లూరి సీతారామరాజు నాయకత్వంలో 1922–24 మన్యం పోరాటం వెనుక ఈ ఆంక్షలు, వెట్టి చాకిరీ ఉన్నాయి. నిజాం రాజ్యంలో ఆదిలాబాద్ గోండు, కోలాం గూడేలను రిజర్వు అడవి పేరుతో ఖాళీ చేయించారు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం ప్రాణం ఇచ్చింది జల్, జంగల్, జమీన్ కోసం. ఆ మూడు మాటల్లో గాదె అనే మాట లేదు. కానీ నీళ్లు, అడవి, నేల లేకుండా గాదెలోకి వచ్చేది ఏమీ లేదు.

మూడో దారి అప్పు. గింజకు నాలుగో శత్రువు అని ముందు చెప్పింది దీన్నే. ఆకలి నెలల్లో సావుకారు గింజ అప్పుగా ఇచ్చేవాడు. దీన్ని నాగు అంటారు. కళ్లం నాటికి అసలూ పై వడ్డీ గింజా కొలిచి తీసుకుపోయేవాడు. గింజ ఇంటికి చేరకముందే, కళ్లం లోంచే బండెక్కేది. గాదె ఖాళీగా ఉంటే మళ్లీ ఆషాఢంలో అదే సావుకారు గుమ్మం తొక్కాలి. తీర్చలేనివాడు విశాఖ మన్యంలో గోతిగా, అంటే అప్పుకు కట్టుబడిన పాలేరుగా మారాడు. పరిస్థితి ఎంత ముదిరిందంటే 1917లో మద్రాసు ప్రభుత్వమే ఏజెన్సీ ప్రాంతాల వడ్డీ, భూబదలాయింపు చట్టం చేయాల్సి వచ్చింది. వడ్డీ ఏడాదికి నూటికి 24కు మించరాదని, మొత్తం వడ్డీ అసలును దాటరాదని అందులో రాశారు. కాగితం మీది చట్టం కళ్లం దాకా రావడానికి చాలా ఏళ్లు పట్టింది. 1956లో విశాఖపట్నం కేంద్రంగా ఏర్పడిన గిరిజన సహకార సంస్థ ఉద్దేశం కూడా ఇదే. అటవీ ఫలసాయాన్ని న్యాయమైన ధరకు కొనడం, డి.ఆర్. డిపోల ద్వారా నిత్యావసరాలు అందించడం, సావుకారు మీద ఆధారపడటం తగ్గించడం.

ఈ మూడు దారులూ చూశాక, ముందుచూపు లేదన్న నింద ఎక్కడ పుట్టిందో తెలుస్తుంది. ముందు గాదె ఖాళీ చేశారు, తర్వాత ఖాళీ గాదెను చూపించి, వీళ్లకు దాచుకోవడం రాదన్నారు.

బియ్యం వచ్చాక

1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. అది ఎన్నో ఇళ్లలో ఆకలి తీర్చింది. దీన్ని కాదనేవాళ్లు ఆకలి నెలలను చూడనివాళ్లే. 2013లో జాతీయ ఆహార భద్రతా చట్టం రేషన్‌ను హక్కుగా మార్చింది. మనిషికి నెలకు 5 కిలోలు, అంత్యోదయ కుటుంబానికి 35 కిలోలు. ఈ హక్కును ఒక్క గింజ కూడా వదులుకోకూడదు.

అయితే బియ్యంతో పాటు ఇంకో మార్పు కూడా వచ్చింది. దంచే పని తప్పింది కాబట్టి సామ, అరిక తగ్గాయి. ఆదిలాబాద్‌లో జొన్న వేసిన నేలలో పత్తి వచ్చింది. పత్తిని గాదెలో దాచి తినలేం. అమ్మిన డబ్బుతో మళ్లీ గింజ కొనాలి, ధర ఎవరో నిర్ణయిస్తారు. గుమ్మిలో ఏడాది గింజ ఉండే ఇంట్లో ఇప్పుడు నెల బియ్యం సంచి ఉంది. తిండి ముందుచూపు ఏడాది నుంచి నెలకు కుదించుకుపోయింది.

సగం తెగిన జ్ఞానం ఎంత ప్రమాదమో 2001లో ఒరిస్సాలోని రాయగడ జిల్లా కాశీపూర్ చూపించింది. మన పార్వతీపురం కొండలకు అది పొరుగు ప్రాంతం. ఆ ఏడాది వానాకాలంలో మామిడి టెంకల జావ తాగి 20 మందికి పైగా ఆదివాసులు చనిపోయారు. అది వాళ్ల తిండి అలవాటు అని ప్రభుత్వం వైపు నుంచి అన్నారు. అది ఆకలి చావు అని హక్కుల సంఘాలు అన్నాయి. మనం మాత్రం రెండు విషయాలు గుర్తుంచుకోవాలి. ఒకటి, వేరే గింజ ఉన్న ఇంట్లో టెంక జావ ఒక్కటే తిండి కాదు. రెండు, టెంక పిండి మంచి తిండి కావాలంటే అది బాగా ఎండాలి, పొడిగా నిలవాలి, పారే నీటిలో కడగాలి. తడిసి బూజు పట్టిన టెంక విషం. నిల్వ విద్యలో ఒక్క మెట్టు తప్పినా ప్రాణం పోతుంది. అదే ఏడాది సుప్రీంకోర్టులో ఆహార హక్కు కేసు మొదలైంది. గోదాముల్లో ధాన్యం మగ్గుతుంటే మనుషులు ఎందుకు పస్తులుండాలన్నది ఆ కేసు అడిగిన ప్రశ్న.

గాదెను తిరిగి ఊరికి తెచ్చే ప్రయత్నం లేకపోలేదు. 1996–97లో కేంద్ర ప్రభుత్వం ఆదివాసి ప్రాంతాల కోసం గ్రామ ధాన్య బ్యాంకుల పథకం మొదలుపెట్టింది. కొన్ని కుటుంబాలు సంఘంగా ఏర్పడితే, కుటుంబానికి ఒక క్వింటాలు లెక్కన ధాన్యం ఇచ్చేవారు. ఆకలి నెలల్లో తీసుకుని పంట వచ్చాక తిరిగి పోయాలి. ఆలోచన మంచిదే, మన పాత పద్ధతికి దగ్గరిదే. తేడా ఒకటుంది. పాత గాదెలోకి మన చేలో పండిన గింజ వచ్చేది, ఎప్పుడు తెరవాలో ఊరు చెప్పేది. కొత్త బ్యాంకులోకి బయటి గోదాము గింజ వచ్చింది, నియమాలు కూడా బయటి నుంచే వచ్చాయి. బయటి నుంచి నిండిన గాదె ఒకసారి ఖాళీ అయితే, మళ్లీ బయటివాళ్లు నింపేదాకా అలాగే ఉండిపోతుంది. జహీరాబాద్ ప్రాంతంలో దళిత మహిళా సంఘాలు తమ చేలల్లో పండిన జొన్నలతోనే ఊరి నిల్వ నడిపి, దీనికి మరో దారి ఉందని చూపించాయి.

ఈనాటికి ఇది ఎందుకు

ఆకలి నెలలు పోలేదు, రూపం మార్చుకున్నాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ పెట్టినప్పుడు సంతలు ఒక్కసారిగా ఆగిపోయాయి. 2022 జులై 16న భద్రాచలం వద్ద గోదావరి 71.3 అడుగులకు చేరింది. 1986 ఆగస్టులో వచ్చిన 75.6 అడుగుల తర్వాత అంత వరద అదే. చింతూరు, వి.ఆర్. పురం, కూనవరం, ఎటపాక, కుక్కునూరు, వేలేరుపాడు మండలాల్లో కోయ, కొండరెడ్డి ఊళ్లు రోజుల తరబడి నీళ్ల మధ్య ఉండిపోయాయి. ప్రతి వానాకాలం గెడ్డ దాటలేక రోగిని డోలీలో మోసే ఊళ్లు ఇంకా ఉన్నాయి. డోలీ రాలేని చోటికి బియ్యం బండి కూడా రాదు.

కాబట్టి ఒక చిన్న లెక్క వేసుకుందాం. మనిషికి రోజుకు 400 గ్రాముల గింజ, 60 గ్రాముల పప్పు అనుకుంటే, ఐదుగురున్న ఇంటికి రోజుకు 2 కిలోల గింజ, 300 గ్రాముల పప్పు కావాలి. నెలకు 60 కిలోల గింజ, 9 కిలోల పప్పు. మనిషికి 5 కిలోల లెక్కన రేషన్‌లో వచ్చేది 25 కిలోలు. మిగతా 35 కిలోలు మన చేను ఇవ్వాలి, లేదా సంత ఇవ్వాలి. దారి మూసుకుపోతే సంత ఇవ్వదు. వాన మొదలయ్యేనాటికి ఇంట్లో కనీసం ఒక నెల గింజ, పప్పు, ఉప్పు, చింతపండు, ఎండుమిర్చి, అగ్గిపెట్టెలు ఉంటే ఆ ఇల్లు ఎవరి గుమ్మం తొక్కక్కరలేదు. మూడు నెలలవి ఉంటే ఆకలి నెలలన్నీ గడుస్తాయి.

కొనే స్తోమత లేని ఇంటికి కూడా దారి ఉంది. వండేటప్పుడు గుప్పెడు తీసి పక్కన వేస్తే అది సుమారు 50 గ్రాములు. రోజుకు రెండు పూటలు తీస్తే నెలకు 3 కిలోలు, ఏడాదికి 36 కిలోలు. ఐదుగురున్న ఇంటికి అది 18 రోజుల తిండి. గోదావరి వరద చాలాసార్లు అంతకన్నా తక్కువ రోజులే ఉంటుంది. అయితే తీసిన బియ్యాన్ని అలాగే ఏడాది ఉంచకూడదు. రెండు మూడు నెలలకోసారి పాతది వండుకుని, అంతే కొలత కొత్తది పోయాలి.

దాచే పద్ధతిలో పాతదీ కొత్తదీ కలుపుకోవచ్చు. గింజను బాగా ఎండబెట్టాలి. పంటి కింద పెడితే టక్కున విరగాలి, మెత్తగా నలిగితే ఇంకా తడి ఉన్నట్టు. శాస్త్రవేత్తలు గింజలో తేమ 12 శాతం లోపు ఉండాలంటారు, పంటి పరీక్ష చెప్పేది దాదాపు అదే. ఎండలోంచి తీసిన గింజను చల్లారాకే పోయాలి, లేకపోతే లోపల చెమ్మ పడుతుంది. గుమ్మి లేకపోతే మూత గట్టిగా పట్టే రేకు డబ్బా చాలు, దాన్ని నేల మీద కాక రాళ్ల మీద పెట్టాలి. పప్పు గింజలకు బూడిద, ఎండు వేపాకు ఇప్పటికీ పనిచేస్తాయి. పురుగుమందు మాత్రలను మనుషులు పడుకునే ఇంట్లో పెట్టకూడదు, వాటి వాయువు ప్రాణాలు తీస్తుంది. బియ్యం తక్కువ, పొట్టు గింజ ఎక్కువ దాచాలి. ముందు పోసింది ముందు వాడాలి. ఏది బూజు వాసన వేసినా, అది టెంక అయినా గింజ అయినా, పారేయాలి.

గురువులకు, పిల్లలకు

1943లో ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రం మొదలైనప్పటి నుంచి మన ప్రాంతంలో బడి అనేది మన జ్ఞానాన్ని మన పిల్లలకు చెప్పే చోటు కూడా కావాలన్న ఆలోచన ఉంది. తిండి నిల్వ ఆ ఆలోచనకు సరిపోయే పాఠం. అందులో గణితం ఉంది, సైన్సు ఉంది, చరిత్ర ఉంది.

పిల్లలు తమ ఊళ్లో ఎన్ని గాదెలు, గుమ్ములు మిగిలాయో లెక్కపెట్టవచ్చు. ఒక్కొక్కటి ఎన్ని కుంచాలు పడుతుందో, చివరిసారి ఎప్పుడు నిండిందో, ఎందుకు ఖాళీ అయిందో అవ్వనీ తాతనీ అడిగి రాయవచ్చు. దాచే పాత్రలకు, ఎండబెట్టే పద్ధతులకు తమ భాషలో, గోండిలో, కోయలో, సవరలో, కువిలో ఉన్న మాటలను రాసిపెట్టవచ్చు. మాట పోతే పని కూడా పోతుంది. చేదు దుంప, మామిడి టెంక లాంటి వాటి వివరాలు మాత్రం ఒక్క మెట్టు కూడా వదలకుండా, చేసి తిన్న పెద్దల నోటి నుంచే రాసుకోవాలి. ఆ పిండి పిల్లలు సొంతంగా చేయకూడదు.

2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరంగా జరుపుకుంది. నగరాల్లో సామ, కొర్ర, అరికలను అందమైన పొట్లాల్లో పెట్టి ఎక్కువ ధరకు అమ్ముతున్నారు. మన చేలోంచి వెళ్లే గింజకు ధర రావడం మంచిదే. కానీ అమ్మే ముందు ఒక పని చేయాలి. ముందు విత్తనపు బుర్ర నిండాలి. తర్వాత ఆకలి నెలల గుమ్మి నిండాలి. మిగిలింది సంతకు పోవాలి. మన పెద్దలు పాటించిన వరస ఇదే. ఈ వరస తలకిందులైన రోజునే మన గాదె తాళాలు ఇంకొకరి చేతికి పోయాయి.